పెదవి ముందా, పాట ముందా?

పాటల వీడియోలంటే మీకు ఇష్టమేనా? దాచకండి, నాకూ ఇష్టమే! నచ్చిన పాటను ఇరవై సార్లయినా చూస్తాను. మొదటిసారి పాట కోసం, రెండోసారి ఆట కోసం. మూడోసారి నుంచి మాత్రం పెదవుల కోసం! అక్కడ జరిగే మోసం అంత ముద్దుగా ఉంటుంది మరి.

తెరమీది మనిషి నిజంగా పాడటం లేదని మీకు తెలిసిందే. పాటను ముందే స్టూడియోలో రికార్డు చేస్తారు. షూటింగు నాడు దాన్ని స్పీకర్లో వినిపిస్తుంటే నటులు పెదవులు కదుపుతూ ఆడతారు. తరువాత స్టూడియో పాటనే బొమ్మకు జతచేస్తారు. 'నాటు నాటు'లో ఆడినవారు ఎన్.టి.ఆర్., రామ్ చరణ్. పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ఈ రాహుల్ మన హైదరాబాదువాడే. సొంతంగా పాటల వీడియోలు తీసి యూట్యూబులో పెట్టి పేరు తెచ్చుకున్నాడు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద పాడాడు. గల్లీ వీడియోలంటే ముఖం చిట్లించేవారు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి!

ఇక మాదాపూర్ పోదాం పదండి. అక్కడ దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచారు. సాయంత్రం దీపాలు వెలిగేసరికి ఫోన్లు పట్టుకుని రీల్స్ తీసుకునేవారు ఆ చుట్టుపక్కల చేరతారు. వంతెన రెండు స్తంభాల మధ్య దూరం సుమారు 234 మీటర్లు. ఒక స్తంభం దగ్గర ఫోనూ, స్పీకరూ పెట్టుకుని మీరు నిలబడ్డారనుకోండి. రెండో స్తంభం దగ్గర మీ స్నేహితుడు ఆడుతున్నాడు. (ఊహలోనే సుమా! అది వాహనాలు దూసుకుపోయే దారి. అక్కడ చిందులేస్తే ప్రాణానికే ముప్పు.)

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కనుక పాట అతనికి చేరటానికి దాదాపు 0.7 సెకను పడుతుంది. అతని ఆట మీ కెమెరాకు చేరటానికో? కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక ఆలస్యం లేనట్లే. నిమిషానికి 150 దెబ్బలు పడే హుషారు పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది 0.4 సెకను. అంటే మీ స్నేహితుడు ఒకటిన్నర దెబ్బకు పైగా వెనకబడి ఆడతాడన్నమాట. పాపం, తప్పు అతని కాళ్ళది కాదు, గాలిది! స్పీకరును అతని పక్కన పెడితే సరిపోతుంది.

వెనక వరుసల్లో ఆడేవారి సంగతీ ఇంతే. స్పీకరుకు 34 మీటర్ల దూరంలో ఉన్నవారికి పాట పదోవంతు సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. అయినా వాళ్ళ అడుగు ముందువారితో కలిసి పడుతుంటే, నేను హీరోను వదిలేసి వాళ్ళనే చూస్తుంటాను.

ఇంత చిన్న తేడాను మనం కనిపెట్టగలమా? బ్రహ్మాండంగా! పెదవి కంటే మాట 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, ఏదో తేడాగా ఉందని మనకు తోస్తుంది. అదే మాట వెనకబడితే మాత్రం సుమారు 125 మిల్లీసెకన్ల దాకా సర్దుకుపోతాం. ఎందుకీ పక్షపాతం? చెరువు అవతలి గట్టున చాకలి బండ మీద గుడ్డ బాదుతుంటే చూశారా? దెబ్బ ముందు కనిపిస్తుంది, చప్పుడు తరువాత వినిపిస్తుంది. మెరుపూ ఉరుమూ అంతే. చప్పుడు వెనకబడటం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. అది ముందు రావటం మాత్రం ప్రకృతిలో ఎక్కడా చూసి ఉండం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన గారడీ చెబుతాను. పాట మామూలుగానే సాగుతుంది, పెదవులూ సరిగ్గా కలుస్తాయి. కాని హీరోయిన్ జుట్టూ, ఓణీ మాత్రం నీళ్ళలో తేలినట్లు నెమ్మదిగా ఎగురుతుంటాయి! ఎలాగంటారా? సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున చూపిస్తారు కదా. ఇక్కడ 48 బొమ్మలు తీస్తారు. పాటను కూడా రెట్టింపు వేగంతో వినిపిస్తారు. నటులు ఆ హడావుడి పాటకే గబగబా పెదవులు కదిపి ఆడాలి! తరువాత సెకనుకు 24 బొమ్మల చొప్పునే చూపితే పెదవులు మామూలు వేగానికి దిగివస్తాయి. కాని ఓణీ కిందికి పడిన వేగం ముందే మామూలుది గదా, అది సగానికి తగ్గిపోతుంది. నటులను తొందరపెట్టగలిగారు గాని, గురుత్వాకర్షణను తొందరపెట్టటం ఎవరి తరం?

బ్రిటన్‌లోని కోల్డ్‌ప్లే బృందం ఇంకో అడుగు ముందుకు, కాదు కాదు, వెనక్కు వేసింది! వారి 'ది సైంటిస్ట్' వీడియోలో అన్నీ వెనక్కు నడుస్తాయి, గాయకుడు క్రిస్ మార్టిన్ పెదవులు తప్ప. అందుకోసం ఆయన పాటంతా తిరగేసి నేర్చుకున్నాడు.

మీరూ ప్రయత్నించండి. బడి మైదానంలో ఒక ఫోనులో పాటను రెట్టింపు వేగంతో పెట్టండి. రెండో ఫోనులో సెకనుకు 60 బొమ్మల అమరికతో వీడియో తీయండి. దాన్ని సగం వేగంతో నడిపించి, అసలు పాటను జోడించండి. ఆడేవారి భుజం మీద ఒక చేతిరుమాలు వేయటం మరచిపోకండేం! గంతు వేసినప్పుడు దాన్నే చూడాలి.