అరిగిన చైను – పళ్ళచక్రం

పంపానదీ తీరాన, రత్నగిరి పాదాల చెంత ఉన్న అన్నవరం యాత్రికులకు సత్యదేవుని క్షేత్రం. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలోను, ఆ తరువాత కాకినాడ జిల్లాలోను భాగమైన ఈ ఊరికి చుట్టుపట్ల పల్లెలవారు బతుకుతెరువు కోసమూ వస్తుంటారు. మోటారు వాహనాలు ఎంతగా పెరిగినా, పాలక్యానులను, కొబ్బరికాయల బస్తాలను, పచ్చగడ్డి మోపులను సైకిలు మీద మోసుకుపోయే శ్రమజీవులు ఈ ప్రాంతంలో ఇంకా కనిపిస్తారు. బరువుతో మిట్ట ఎక్కేవేళ, పెడలు మీద నిలబడి తొక్కుతున్న క్షణాన, చైను ఒక పన్ను దాటి జారితే మనిషి ముందుకు తూలిపడతాడు, సరుకు రోడ్డుపాలవుతుంది. ఆ ప్రమాదం ఆ నిమిషంలో పుట్టినది కాదు. నెలల తరబడి కంటికి కనపడకుండా సాగిన అరుగుదలే దానికి కారణం.

'చైను సాగింది' అనడం లోకంలో వాడుక. నిజానికి చైనులోని ఉక్కు పలకలు సాగవు. 1880లో హాన్స్ రెనాల్డ్ మాంచెస్టరులో రూపొందించిన రోలరు చైనే నేటి సైకిలు చైనుకు మూలం. ఇందులో పిన్ను చుట్టూ బుష్షు, బుష్షు మీద దొర్లే రోలరు ఉంటాయి. ఒక పిన్నుకు, మరొక పిన్నుకు మధ్య దూరం అరంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు. పిన్ను, బుష్షు ఒరుసుకొని సగటున ఒక్కొక్క కీలు వద్ద 0.06 మిల్లీమీటరు అరిగినా, 110 కీళ్ళున్న చైను మొత్తం మీద సుమారు 7 మిల్లీమీటర్లు పొడవవుతుంది. చక్రం పళ్ళు మాత్రం అరంగుళానికే కోసి ఉన్నాయి. పొడవైన చైను వాటి మీద సరిగా కూర్చోక పైకి ఎగబాకుతుంది. భారమంతా కొద్ది పళ్ళ మీదనే పడి, అవి కొడవలి మొనలా వంగిన రూపం దాలుస్తాయి. ముందు చక్రానికి 44, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళుంటే, వెనుక పన్ను ముందు పన్ను కంటె దాదాపు రెండున్నర రెట్లు పని చేస్తుంది. కనుక ముందుగా అరిగేది ఫ్రీవీలే.

ఈ అరుగుదలను కొలవడానికి ఒక టేపు చాలు. పెడలును కొద్దిగా నొక్కి చైనును బిగువుగా ఉంచి, ఒక పిన్ను నుండి 24 లింకుల అవతలి పిన్ను వరకు కొలవాలి. కొత్త చైనులో ఈ దూరం సరిగా 12 అంగుళాలు. ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగితే చైను మార్చవలసిన సమయం వచ్చినట్లే. మూడు మిల్లీమీటర్లు పెరిగితే అప్పటికే పళ్ళు కూడ చెడి ఉంటాయి.

తక్కువ ఖర్చుతో పోయేది సకాలంలో చైను ఒక్కటే మార్చడం. ఆ అదను దాటిపోతే కొత్త చైను వేయడం వృథా. అరిగిన పళ్ళ మీద అది నిలవక జారుతుంది. అరిగిన చైను, అరిగిన చక్రం ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. అటువంటప్పుడు ఆ జతను జారనంతకాలం నడిపి, పిమ్మట అన్నింటినీ ఒకేసారి మార్చడమే లాభం. కొందరు రెండు చైనులు కొని, కొన్నాళ్ళకొకటి చొప్పున మార్చి మార్చి వేస్తారు. ఒకే చక్రానికి రెండు చైనుల ఆయువు దక్కుతుంది. రిపేరు షాపులలో చైను వదులైనప్పుడు లింకులు తీసి బిగించడం పరిపాటి. దానివల్ల వదులు పోతుందే గాని, మిగిలిన కీళ్ళ అరుగుదల పోదు.

అసలు అరుగుదలను ఆలస్యం చేసేది కందెన. పూర్వం ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన వేసేవారు. సైకిలు చైనుకు ఆ ముద్ద పనికిరాదు. పైపైన పూసిన గ్రీజు పుంతల దుమ్మును, ఇసుకను పట్టుకొని ఆకురాయి వలె పిన్నులను ఒరుస్తుంది. ఇంట్లో ఉన్నదే కదా అని కొబ్బరినూనె వేస్తే, పుష్యమాసపు తెల్లవారుజామున అది గడ్డకడుతుంది. చైనును కిరోసినుతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఒక్కొక్క రోలరు మీద ఒక్కొక్క చుక్క పలుచని మిషను నూనె వేసి, పెడలు వెనుకకు త్రిప్పి, పైన మిగిలినదానిని గుడ్డతో తుడవాలి. నూనె కావలసినది లోపల, బయట కాదు. సముద్రపు ఉప్పుగాలి సోకే ఊళ్ళలో వాన తడిసిన ప్రతిసారీ ఈ పని తప్పదు. పాత సైకిళ్ళకు చైనును పూర్తిగా కప్పే కవరు ఉండేది. అందంగా లేదని దానిని ఊడదీసే యువకులు ఒక మంచి రక్షణను చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

చైను బిగించేటప్పుడు వెనుక చక్రాన్ని మరీ లాగరాదు. నడుమ వ్రేలితో నొక్కితే అరంగుళం మేర ఆడాలి. బిగువు ఎక్కువైతే బాల్సు, కప్పులు త్వరగా పాడవుతాయి. చైను కలిపే లింకు మీది క్లిప్పులో మూసి ఉన్న కొస, చైను నడిచే దిశకు ఉండాలి. తెరిచిన కొస ఆ వైపుకు ఉంటే, దేనికైనా తగిలి క్లిప్పు ఊడిపోయే ప్రమాదం ఉంది.