ఎర్ర దారి, ఎర్ర వాగు
బస్తర్ పల్లెకు దారి కావాలి. కానీ తారు పడని దారి ఏటా వానాకాలంలో కొంచెం కొంచెంగా వాగులోకి జారిపోతోంది

జూన్‌లో వానలు పట్టుకోగానే గీదం పరిసరాల్లోని మట్టి దారులు బండ్లకు బురద గుంటలవుతాయి, నీటికి కాలువలవుతాయి. మొదటి కష్టం అందరికీ కనిపిస్తుంది. రెండోది దిగువన వాగు ఎర్రబడ్డాక గానీ తెలియదు.

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉన్న గీదం దారుల కూడలి. జగదల్‌పూర్ నుంచి వచ్చే జాతీయ రహదారి ఇక్కడి నుంచే బీజాపూర్ వైపు సాగుతుంది. ఒక దారి దంతెవాడ మీదుగా బైలదిల్లా గనులకు, మరొకటి బార్సూర్‌కు చీలుతుంది. అడవి పల్లెలకు వెళ్లే దారుల్లో మాత్రం ఇప్పటికీ మట్టివి, మొరం పరిచినవి ఉన్నాయి.

అడవి నేల వాన నీటిని పీల్చుకుంటుంది. ట్రాక్టర్లు, లారీలు తొక్కి బిగించిన దారి పీల్చుకోదు. నీరు పైపైనే పరుగెత్తుతూ చక్రాలు పిండిచేసిన మట్టిని వెంటబెట్టుకుపోతుంది. పక్క కాలువ నేరుగా వాగులో కలిస్తే ఆ దారి కూడా వాగుకు ఓ పాయే. సన్నటి మట్టి గులకరాళ్ల సందులను పూడ్చేస్తుంది. వాగులోని పురుగులు బతికేది, కొన్ని చేపలు గుడ్లు పెట్టేది ఆ సందుల్లోనే. వాగు నీటి మీదే ఆధారపడిన పల్లెకు బురద నీరే మిగులుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లెస్లీ రీడ్, థామస్ డన్ దీన్ని కొలిచి చూశారు. 1984లో వెలువడిన వారి లెక్క ప్రకారం, లారీల రద్దీ ఉన్న కంకర దారి నుంచి కొట్టుకుపోయే మట్టి, వాడకం మానేసిన దారితో పోలిస్తే 130 రెట్లు. తారు దారి నుంచి వచ్చేది ఆ రద్దీ దారి మట్టిలో ఒక శాతం కూడా లేదు.

ఎర్ర నీరు దంతెవాడకు కొత్త కాదు. దంతేశ్వరి గుడి వద్ద డంకినితో కలిసే శంఖిని, బైలదిల్లాలో 1960లలో మొదలైన ఇనుప ఖనిజం తవ్వకాలతో రంగు మారింది. గని చేసే పనినే మట్టి దారి చిన్న ఎత్తున, ఎక్కువ చోట్ల చేస్తుంది.

మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల రోడ్ల కోసం కేంద్రం 2009లో ఒకటి, 2016లో మరొకటి పథకాలు ఆమోదించింది. మందుపాతర పాతడానికి మట్టి దారి అనువు కనుక భద్రతా దళాలకూ తారు రోడ్డే కావాలి. పల్లెకు కావలసింది అంబులెన్సు, రేషన్ బండి. దారి అవసరంపై పేచీ లేదు. పేచీ అంతా వేసే తీరు మీదే. తారు వేసినా తవ్విన గట్లు, పక్క కాలువలు కోసుకుపోతూనే ఉంటాయి. పని సగంలో ఉండగా వానలొస్తే నష్టం మరీ ఎక్కువ.

మందు ఖరీదైనదేమీ కాదు. పక్క కాలువ నీటిని వాగు చేరకముందే అక్కడక్కడా అడవిలోకి మళ్లిస్తే ఆకుచెత్తే వడపోస్తుంది. గట్ల మీద గడ్డి, వాగు దాటే చోట రాతి కట్టు, వరదకు సరిపడా కల్వర్టు ఉండాలి. కుండపోత రోజుల్లో బరువు లారీలను ఆపాలి.

డంకిని ఇంద్రావతిలో, ఇంద్రావతి గోదావరిలో కలుస్తాయి. భద్రాచలం వద్ద ఎర్రగా పొంగే వరద నీటిలో గీదం పల్లె దారి కూడా కాస్త కరిగే ఉంటుంది.