కూలిన రంగము – కూలని నాటకము

ముఖమునకు రంగు పూసికొని తెర వెనుక నిలిచిన ప్రతి ఔత్సాహిక నటుని భయము ఒక్కటే. మాట మరపునకు వచ్చునేమో! తలుపు తెరచుకొనదేమో! కిరీటము జారునేమో! ఈ భయము నేటిది కాదు. భరతముని నాట్యశాస్త్రమున 27వ అధ్యాయమునందు ప్రదర్శనసిద్ధిని గూర్చి చెప్పుచు, దానికి కలుగు విఘాతములను గూడ లెక్కించినాడు. గాలి, అగ్ని, వాన, ఏనుగు, పాము, చీమ మొదలగువాని వలన కలుగునవి దైవికములు. పాఠము మరచుట, ఒక మాటకు మారుగా వేరొకటి పలుకుట, కిరీటాభరణములు జారుట నటుల స్వయంకృతములు. గిట్టనివారు రంగముపై పేడయు మట్టిగడ్డలును విసరుట పరకృతము. ఆ మహర్షికి అనుభవజ్ఞులైన నటులు చెప్పిన కష్టములే ఇవి యనిపించును.

విఘాతమొకటి కలిగినచో నాటకము చెడును. అన్నియు ఒక్కరాత్రియే కలిగినచో? అప్పుడది వేరొక నాటకమగును. ఈ రహస్యమును ఆంగ్ల నాటకకర్తలు చక్కగా గ్రహించిరి.

షేక్స్పియరు 1595-96 ప్రాంతమున రచించిన 'ఎ మిడ్సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో ఏథెన్సు నగరపు పనివారలు ఆరుగురు ప్రభువు పెండ్లికి నాటకమాడబూనుదురు. వారిలో నేతగాడున్నాడు, వడ్రంగులున్నారు, దర్జీ యున్నాడు, మాట్లు వేయువాడున్నాడు, కొలిమితిత్తులు బాగుచేయువాడున్నాడు. ఒకడు గోడ వేషము, మరియొకడు వెన్నెల వేషము ధరింతురు. సింహము వేషగాడు తాను నిజమైన సింహమును కానని సభకు ముందుగనే మనవి చేసికొనును. రాణివాసపు స్త్రీలు జడిసినచో తమకు ఉరి తప్పదని వారి బెంగ! ప్రభువు మెచ్చినచో తమ నేతగానికి దినమునకు ఆరు పెన్నీల బత్తెము ఆజన్మాంతము దొరకెడిదని వారి ఆశ. చూచువారికది వినోదము, ఆడువారికి బ్రతుకు.

మైకేల్ ఫ్రేన్ వ్రాసిన 'నాయిసెస్ ఆఫ్' 1982లో లండనున ప్రదర్శింపబడెను. 1970లో తన నాటకమునే రంగము ప్రక్కనుండి చూచిన ఫ్రేనుకు, ముందరి హాస్యముకంటె వెనుకటి పరుగులే ఎక్కువ హాస్యముగా తోచెనట. ఆ భావమే ఈ నాటకమునకు బీజము. రెండవ అంకమున ప్రేక్షకునకు కనబడునది రంగము కాదు, దాని వెన్ను. అయితే ఇందలి నటులు వృత్తికళాకారులు.

ఔత్సాహికులకు పట్టము గట్టినది 'ది ప్లే దట్ గోస్ రాంగ్'. లండను నాటకవిద్యాలయమున చదివిన హెన్రీ లూయిస్, జోనాథన్ సేయర్, హెన్రీ షీల్డ్స్ దీనిని రచించిరి. 2012లో లండనున ఒక మధుశాల మేడపైనున్న చిన్న నాటకశాలలో మొదలై, 2014లో డచెస్ థియేటరునకు చేరి, 2015లో ఉత్తమ నూతన హాస్యనాటకముగా ఆలివియర్ బహుమానమందెను. ఇందు కార్న్లీ నాటకసమాజమను కల్పిత బృందము హత్యానాటకమొకటి ప్రదర్శింప బూనును. దర్శకుడు ముందుగా వచ్చి తమ పూర్వవిజయములను సగర్వముగా పేర్కొనును. నటులు చాలనందున చెహోవు ముగ్గురు అక్కచెల్లెండ్రు వీరి చేతిలో ఇద్దరే అయిరి!

దీపములు వెలుగుసరికి శవము ఇంకను సర్దుకొనుచుండును. దాని చేతిని ఎవడో త్రొక్కును. తలుపు బిగిసిపోవును. మద్యమునకు మారుగా రంగులు కడుగు ద్రవము గ్లాసులలోనికి చేరును. దానిని ఉమియుచునే నటుడు రుచిని మెచ్చుకొనవలెను. కఠినపదములను చేతిపై వ్రాసికొన్నవాడు వానినే తప్పు చదువును. ఒకడు మరల మరల వెనుకటి మాటనే పలుకుటచే సంభాషణ గానుగెద్దువలె అచ్చటనే తిరుగును. తుదకు మేడ కూలును, గోడలును కూలును.

ఈ కూలుట యాదృచ్ఛికము కాదు. ప్రతి రాత్రియు అదే క్షణమున, ఎవరికిని దెబ్బ తగులకుండ కూలవలెను. నిలిచియుండు మేడను కట్టుటకంటె, వేళకు కూలు మేడను కట్టుట కష్టము. అందులకే నైజెల్ హుక్ కల్పించిన ఈ రంగాలంకరణకు 2017లో అమెరికాలో టోనీ బహుమానము లభించెను.

హాస్యము ఆత్మస్థమనియు పరస్థమనియు ద్వివిధమని భరతుడు చెప్పినాడు. తాను నవ్వుట మొదటిది, పరులను నవ్వించుట రెండవది. ఇట్టి నాటకమున నటుడు రెండవదానికే కట్టుబడవలెను. అతని పెదవి కొంచెము విచ్చుకొన్నను ఆట చెడును. తప్పు జరిగినందులకు మనము నవ్వము. తప్పు జరుగనట్లే నటించు ఆ పట్టుదలకు నవ్వుదుము.

ఈ నాటకమున ఒక ఘట్టము గలదు. నాయిక తలుపు దెబ్బకు స్మృతి దప్పి పడిపోవును. సామగ్రి అందించు స్త్రీని వ్రాతప్రతి చేత బట్టించి రంగముపైకి త్రోయుదురు. ఆమె వణకును, కాగితములు జారవిడుచును, మాటలు తారుమారు చేయును. క్రమముగా ఆమె కంఠము గట్టిపడును. అసలు నాయిక తెలివొంది తిరిగి వచ్చునప్పటికి ఈమె పాత్రను విడువదు. ఇరువురును రంగముపైననే కలియబడుదురు. సభ నవ్వును. అయినను ఎన్నడును ఎవరి కంటను బడక, ఇతరుల తెరలు లాగి, ఇతరుల వస్తువులు సర్దిన ఒక స్త్రీ తొలిసారి వెలుగున నిలిచి, ఆ వెలుగును విడువలేకపోవుట కేవలము పరిహాసము కాదు.

ఔత్సాహిక రంగమునకు మూలధనము ఇదియే. జీతము లేదు, కీర్తి లేదు, తలుపు సరిగా తెరచుకొనదు. అయినను గోడలు కూలిన రంగమున కడపటి మాట పలుకు వరకును ఎవరును కదలరు.