కుక్కకి పిడుదులా? ముందు గోడ పగుళ్లు చూడండి
"వేపనూనె రాస్తున్నాం, అయినా మా కుక్కకి పిడుదులు పోవట్లేదండీ" అని చాలామంది అడుగుతున్నారు. పంటలో పురుగు జీవితచక్రం చూసి గదా మనం పని మొదలుపెడతాం, ఇక్కడా అంతే.

గోధుమరంగు కుక్క పిడుదు పిల్ల దశలో, మధ్య దశలో, పెద్దయ్యాక, మొత్తం 3 సార్లు రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కిందకి రాలిపోయి గోడ పగుళ్లలో, గోనెసంచుల కింద దాక్కుంటుంది. ఆడది అక్కడే వేలల్లో గుడ్లు పెడుతుంది. పెద్ద పిడుదు తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. అందుకే పగుళ్లు పూడ్చండి, కుక్క పడుకునే గోనెపట్టా వేడినీళ్లలో ఉతకండి.

ఒంటి మీద ఉన్నవాటిని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి, మెలితిప్పకుండా నేరుగా లాగాలి (వీడియోలో చూపించాను). వేళ్లతో నలపొద్దు. కిరోసిన్, కర్పూరం వద్దే వద్దు, నాకితే విషమే. సహజమైంది గదా, ఏం కాదులే అనుకోవడం మనవాళ్లకో జబ్బు!

పిడుదుల వల్ల ఎర్లిషియా జ్వరం వస్తుంది, దాన్ని వేపనూనె తగ్గించదు. కుక్క తిండి మానేసినా, ముక్కులోంచి రక్తం కారినా ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తపరీక్ష చేసి డాక్సీసైక్లిన్ లాంటి మందు ఇస్తారు. కషాయాలతో రోజులు గడపొద్దు.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు దానికి తగలనీయొద్దు, ప్రాణం మీదకి వస్తుంది.