పొగచుట్టయు దేహారోగ్యమును

దుర్వ్యసనములలో మనకు మిక్కిలి చనువైనది పొగాకు. కల్లు సారాయములు త్రాగువానిని చూచి ఇరుగుపొరుగువారు మోము త్రిప్పుకొందురు. అరుగుమీద కూర్చుండి చుట్ట కాల్చు తాతగారిని మాత్రము ఎవ్వరును తప్పెన్నరు. చుట్టలు కొనితెమ్మని బాలుని అంగడికి పంపుటయు, పొయ్యిలోని నిప్పు తెమ్మని బాలికను పిలుచుటయు మన యిండ్లలో వింతలు కావు. ఇట్లు పిల్లల చేతులమీదుగనే ఆ నిప్పు పెద్దల నోటికి చేరుచున్నది. కావున అది దేహములో నేమి చేయునో పిల్లలును పెద్దలును తెలిసికొనుట యవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పొగాకు మన దేశమున పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండమునందలి యీ మొక్కను పోర్చుగీసు వర్తకులు ఇచ్చటికి తెచ్చిరి. నేడు గుంటూరు, ప్రకాశము మొదలగు జిల్లాలలో ననేక కుటుంబములు దీని సేద్యముచే జీవించుచున్నవి. ఆ రైతులను నిందించుట మా యుద్దేశము కాదు. పండించువాని కష్టము వేరు, కాల్చువాని నష్టము వేరు. మేము చెప్పబోవునది రెండవదానిని గూర్చియే.

పొగాకు పొగలో ఏడు వేలకు మించిన రసాయనములు కలవు. వానిలో సుమారు డెబ్బది కేన్సర్ అను రాచపుండును పుట్టింపగలవి. నికోటిన్ అను పదార్థము కొన్ని క్షణములలోనే మెదడును చేరి స్వల్పకాలము హాయి గొల్పును. ఆ హాయి తీరగనే మెదడు మరల కోరును. ఇదియే మనుష్యుని కట్టివేయు సంకెల. కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు రక్తమున ప్రాణవాయువుండవలసిన చోటును తానాక్రమించును. అంతట గుండెకు శ్రమ హెచ్చును. రక్తనాళముల లోపలి పొర చెడి, అవి క్రమముగ సన్నగిల్లును. ఆ యడ్డు గుండెలో నేర్పడిన గుండెపోటు, మెదడులో నేర్పడిన పక్షవాతము, కాళ్లలో నేర్పడిన మానని పుండ్లు కలుగును. ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన గాలితిత్తులు ఒకసారి నశించిన మరల పుట్టవు. అందుచేతనే చిరకాలము పొగ త్రాగినవారు నాలుగు మెట్లెక్కునప్పటికే ఆయాసపడుచుందురు.

ఇంత హాని జరుగుచుండగా జనులేల నమ్మరు? ఏలయన, నేడు కాల్చిన చుట్ట ఫలము రేపు కానరాదు. ఇరువది ముప్పది యేండ్లు గడచిన పిమ్మట కానవచ్చును. అప్పటికి కారణమును కార్యమును కలిపి చూచువారుండరు. ఇంగ్లండునందు డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు 1950లో ధూమపానమునకును ఊపిరితిత్తుల కేన్సర్‌కును గల సంబంధమును లెక్కలతో చూపిరి. పిదప పరిశోధకులు ఆ దేశపు వైద్యులనే వేలకొలదిగ అర్ధశతాబ్దము గమనించి, విడువక పొగ త్రాగినవారు తక్కినవారికంటె సుమారు పదియేండ్లు ముందుగ మరణించుచున్నారని 2004లో ప్రకటించిరి.

మన తెలుగునాటికే ప్రత్యేకముగ చెప్పదగిన సంగతి యొకటి కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో చుట్టను త్రిప్పి, నిప్పున్న కొనను నోటిలో నుంచుకొని కాల్చు నలవాటు ఉన్నది. దీనినే అడ్డపొగ యందురు. ఇది ముఖ్యముగ స్త్రీలలో కలదు. తల్లిని చూచి కూతురు నేర్చుకొనుచు వచ్చినది. గాలికి నిప్పారదనియు, చుట్ట త్వరగా కాలిపోదనియు వారు చెప్పుదురు. కాని ఆ వేడియు పొగయు తిన్నగ అంగిలికి తగులుచుండును. మొదట అంగిలి తెల్లబారి దళసరియగును. దానిపై ఎఱ్ఱని చుక్కలు పొడచూపును. పిదప కొందరికి పుండుపడును. ఇతర దేశములలో అంగిలి కేన్సర్ మిక్కిలి అరుదు. ఈ ప్రాంతములలో మాత్రము వైద్యులకు సుపరిచితమైన రోగము.

ఈ రోగమునందలి మోసమేమనగా, తొలిదశలో నొప్పియుండదు. నొప్పి లేదు గనుక మచ్చను లెక్కచేయరు. నొప్పి పుట్టి వైద్యుని యొద్దకు పోవునప్పటికి రోగము ముదిరియుండును. అయినను ఒక మేలు కలదు. ఊపిరితిత్తుల లోపల జరుగునది మన కంటికి కానరాదు గాని, నోరు తెఱచి దీపము చూపినచో అంగిలి యెవరికైనను కనబడును. తెల్లని లేక ఎఱ్ఱని మచ్చగాని, రెండు మూడు వారములైనను మానని పుండుగాని యున్నయెడల ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

మాన్పించుట సాధ్యమా యని కొందరడుగుదురు. శ్రీకాకుళము జిల్లాలోను, కేరళ గుజరాతులందలి ఒక్కొక్క జిల్లాలోను పొగాకు వాడు 36 వేలమందికి పరిశోధకులు హితబోధ చేసి వత్సరములకొలది గమనించిరి. ఆ ఫలితములు 1986లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినవి. హితబోధ పొందినవారిలో అలవాటు మానినవారు హెచ్చిరి. కావున ఓర్పుతో చెప్పిన మాట వ్యర్థము కాదు.

మానుటకు వయస్సు మించుట యనునది లేదు. మానిన యొకటి రెండు దినములలోనే రక్తమునందలి విషవాయువు తొలగును. ఒక యేడాదికి గుండెజబ్బు భయము సుమారు సగమగును. పదియేండ్లకు ఊపిరితిత్తుల కేన్సర్ భయమును సగమగును. ముప్పదియవ యేట మానినవానికి పోవలసిన పదియేండ్ల యాయుస్సు దాదాపుగ దక్కును. అరువదియవ యేట మానినవానికిని మూడేండ్లు దక్కును.

పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము శాసించుచున్నది. తాతగారికొరకని చెప్పినను అంగడివాడు బాలుని చేతికి చుట్ట నీయరాదు. కనుక తల్లిదండ్రులారా, ఆ పనికి పిల్లలను పంపకుడు.

విద్యార్థులారా, పెద్దలతో వాదులాడవలదు, నిందింపవలదు. ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు దీపము చేతబట్టి, "మామ్మా, ఒక్కమారు నోరు తెఱువుము, చూచెదను" అని ప్రేమతో నడుగుడు. ఇంతకాలము నిప్పు తెచ్చి యిచ్చిన చేతులు ఇకమీదట ఆ దీపమును పట్టుగాక.