తప్పు పట్టాలన్నా... మాట తెలియాలి!

'నన్నెందుకు బద్నాం చేస్తవ్?'

హన్మకొండ చౌరస్తాలో ఈ మాట వినపడితే ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. చేయని తప్పు తన నెత్తిన వేస్తున్నారని ఆయన బాధ. అదే సంగతి ఇంగ్లిష్‌లో చెప్పమంటే మాత్రం నాలుక తడబడుతుంది. బ్లేమా, స్కోల్డా, క్రిటిసైజా?

తెలుగులో మనకీ ఇబ్బంది లేదు. బామ్మ సణుగుతుంది, నాన్న మందలిస్తాడు, పక్కింటావిడ దెప్పుతుంది, ప్రతిపక్షం విమర్శిస్తుంది. ఏ మాట ఎక్కడ వాడాలో ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా ఇలాంటి తేడాలే ఉన్నాయి.

బామ్మ సణుగుడు 'నాగింగ్'. పిల్లల్ని కోప్పడితే 'స్కోల్డ్'. అందుకే 'మై బాస్ స్కోల్డెడ్ మి' అంటే ఇంగ్లిష్ వాళ్ల చెవికి బడిపిల్లాడి ముచ్చటలా ఉంటుంది. మామూలు మాటల్లో 'టోల్డ్ మి ఆఫ్' అంటారు. మెమో ఇచ్చేదాకా వెళితే అది 'రెప్రిమాండ్'. చేసిన పనిలో లోపాలు చెబితే 'క్రిటిసైజ్'. ఘోరాన్ని గట్టిగా ఖండిస్తే 'కండెమ్'. కూరలో ఉప్పు తగ్గినందుకు ఎవరూ 'కండెమ్' చేయరు!

'బ్లేమ్', 'అక్యూజ్' దగ్గరే చాలామంది పొరబడతారు. జరిగిన చెడుకు నువ్వే కారణమనడం బ్లేమ్. మన 'ఆడలేక మద్దెల ఓడు' సామెతకు దగ్గరగా ఉన్న ఇంగ్లిష్ సామెతలోనూ ఈ మాటే ఉంది... పనిరాని పనివాడు పనిముట్లను బ్లేమ్ చేస్తాడని! ఫలానా తప్పు చేశావని ఆరోపిస్తే అక్యూజ్. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. బ్లేమ్ తర్వాత 'ఫర్', అక్యూజ్ తర్వాత 'ఆఫ్', కంప్లయిన్ తర్వాత 'అబౌట్' వస్తాయి. అన్నట్టు, తప్పును 'డిడ్' అనకూడదు, 'మేడ్ ఎ మిస్టేక్' అనాలి.

మాటలు తెలిస్తే సరిపోతుందా? చాలదు. కాకతీయ యూనివర్సిటీలో చదువు పూర్తిచేసి కొత్తగా కొలువులో చేరిన అమ్మాయే ఉందనుకోండి. 'మీరు తప్పు రాశారండీ' అని మనసులో అనుకుని, పైఅధికారికి 'యూ రోట్ ఇట్ రాంగ్' అని ఈమెయిల్ పంపింది. తెలుగులో ఆ 'అండీ' మొత్తం మర్యాదను మోసింది. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి అది జారిపోయింది. మిగిలింది మొట్టికాయే! ఆమె ఉద్దేశం మంచిదే అయినా అవతలివారికి తెలిసేదెలా?

ఇంగ్లిష్‌లో 'అండీ' లేదు కాబట్టి, ఆ పని వాక్యమే చేయాలి. 'యూ' తీసేసి 'దేర్ సీమ్స్ టు బి ఎ మిస్టేక్ హియర్' అంటే తప్పు కాగితం మీదికి వెళుతుంది, మనిషి మీదికి కాదు. 'యూ ఆర్ రాంగ్' బదులు 'ఐయామ్ నాట్ షూర్ దట్స్ రైట్' అన్నా అంతే. 'ఐ హావ్ ఎ డౌట్' అని మనం అడిగేది ప్రశ్నే. విదేశీయులకు మాత్రం వాళ్ల మాటను నమ్మడంలేదని తోచవచ్చు. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అంటే ఏ గొడవా ఉండదు.

మడికొండలో పెరిగి, హన్మకొండలో స్థిరపడిన కాళోజీ పుస్తకాల భాషకన్నా జనం పలుకుబడికే పెద్దపీట వేశారు. ఇంగ్లిష్‌కీ ఓ పలుకుబడి ఉంది. నిఘంటువులో అర్థం చూసుకుని ఊరుకోకుండా, ఆ మాటను ఎవరు ఎవరితో ఎప్పుడంటారో గమనిస్తే అదీ పట్టుబడుతుంది.

ఈసారి ఎవరి తప్పయినా ఇంగ్లిష్‌లో చెప్పాల్సివస్తే ఒక్క క్షణం ఆగండి. మీ వాక్యంలో 'అండీ' ఎక్కడుందో వెతకండి!