పంపు ఆగినా అంకె ఎందుకు పరుగెడుతుంది?

వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. ఇలాంటి పాల కర్మాగారాల్లో గొట్టంలో ఎన్ని లీటర్లు పారుతున్నాయో కొలవడానికి విద్యుదయస్కాంత ఫ్లో మీటర్లు వాడుతుంటారు. లవణాల వల్ల పాలు కరెంటును పోనిస్తాయి. అవి మీటరులోని అయస్కాంత క్షేత్రాన్ని దాటుతుంటే చిన్న వోల్టేజి పుడుతుంది. వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. 1832లో మైకేల్ ఫారడే థేమ్స్ నది మీద ఇదే ప్రయత్నించి విఫలమయ్యాడు!

నెయ్యికి మాత్రం ఈ మీటరు పనికిరాదు. నెయ్యి కరెంటును పోనివ్వదు.

మరి పంపు ఆపినా అంకె కదులుతుంటే? ముందు అనుమానించాల్సింది సెన్సర్‌ని కాదు, గొట్టాన్ని. అది సగం ఖాళీ అయితే ఆ వోల్టేజిని అందుకునే ఎలక్ట్రోడ్లకు పాలు తగలక పిచ్చి అంకెలు వస్తాయి. నిండుగా ఉన్నా తప్పు చూపితే ఎర్తింగ్ తీగ చూడాలి. ఆ తర్వాత ఎలక్ట్రోడ్లకు పట్టిన గార: కొవ్వును కాస్టిక్ సోడా, ఖనిజాలను నైట్రిక్ ఆమ్లం వదలగొడతాయి. అప్పటికీ దారికి రాకపోతే, కరెంటు తీసేసి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే కాయిల్ నిరోధాన్ని మల్టీమీటరుతో కొలుస్తారు.